డబ్బా తెచ్చిన మనిషి

ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను మనుషుల కఫం చూసి బతికాను. ఇది నలుగురిలో చెప్పుకునే సంగతి కాదని మా అమ్మ అభిప్రాయం. ఎవరైనా అడిగితే, “మావాడు గవర్నమెంటు ఆసుపత్రిలో చేస్తున్నాడు” అనేది. అక్కడ ఏం చేస్తున్నాడో చెప్పేది కాదు. డాక్టరు అనుకునేవాళ్ళను అనుకోనిచ్చేది. మా తాతగారు వస్తుంటే నూజివీడు నుంచి చాట్రాయి దాకా ఎదురొచ్చే బళ్ళు పక్కకు తప్పుకునేవట. ఆయన ఉండగానే తోటలు పోయాయి. ఆయన తరవాత మేడ పోయింది. మా దాకా మిగిలింది నిటారుగా కూర్చునే అలవాటు ఒక్కటే. మైక్రోస్కోపు ముందు మాత్రం వంగక తప్పలేదు.

ఇప్పుడు ల్యాబుల్లో చేరుతున్న పిల్లలకు ఆ వంగడం కూడా అక్కర్లేదు. కఫం మిషన్‌లో పెడితే జవాబు అదే చెబుతుంది. మంచిదే, మిషన్ మాకంటే తక్కువ పొరపాట్లు చేస్తుంది. కాని మిషన్‌లోకి వెళ్ళే డబ్బాను ఎవరో ఒకరు చేత్తో పట్టుకొచ్చి ఇవ్వాలి కదా. నేను చెప్పబోయేది అలా ఒక డబ్బా పట్టుకొచ్చిన మనిషి గురించి.

అప్పట్లో నేను మామిడి తోటల మధ్య ఉన్న ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. చదువు ముగించి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఒకావిడ ఉండేది. ఊడ్చి, తుడిచి, అందరినీ తిట్టే ఆయా ఒకావిడ. టీబీ రోగులకు మందులు సరిగా అందుతున్నాయో లేదో చూడటానికి మోటారు సైకిలు మీద ఊళ్ళు తిరిగే సూపర్‌వైజరు ఒకాయన. మనిషి చురుకు, నోరు ఇంకా చురుకు. నన్ను వెక్కిరించడం అతనికి రోజూ టిఫిన్ లాంటిది.

“దొరగారు దర్బారులో ఉన్నారా?” అంటూ ల్యాబు కిటికీలోంచి తల పెట్టేవాడు. ఊళ్ళనుంచి తెచ్చిన కఫం డబ్బాలు బల్ల మీద పెట్టి, “కప్పం తెచ్చానండి, స్వీకరించండి” అనేవాడు.

నేను నవ్వేవాణ్ణి కాదు. నేను నవ్వకపోతే అతనికి మరీ సరదా.

ఆ ఏడు మామిడి పూత మీద ఉన్నప్పుడు ఒక కాపలా మనిషి దగ్గుతూ వచ్చాడు. మా వైపు తోటను షావుకారు పూత మీదనో పిందె మీదనో కొనేస్తాడు. అప్పటినుంచి కోతలయ్యేదాకా కాపలా మనిషి పెళ్ళాంతో సహా తోటలోనే పాక వేసుకుని ఉంటాడు. కోతుల్ని తోలాలి, చిలకల్ని తోలాలి, గాలి వీచిన రోజు రాలిన కాయ ఏరాలి. షావుకారు పొమ్మంటే పనీ పోతుంది, పాకా పోతుంది.

నన్ను చూడగానే అతను తలపాగా తీశాడు. “దణ్ణం దొరగారూ. రెడ్డిగూడెం దగ్గిర మీ తాతగారి తోటలో మా నాన్న కాపలా చేశాడండి. ఇప్పుడు నేనుండేదీ ఆ తోటలోనే.”

ఆ తోటను నేను బస్సులోంచి తప్ప చూసింది లేదు. అయినా ఆ మాట వినగానే కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చున్నాను. అతని భార్య గుమ్మానికి అవతలే ఆగిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, గోడ వైపు తిరిగి నిలబడింది. పాత కుటుంబం కదా, మా ఇంటి మనిషి ఎదుట ఎలా నిలబడాలో ఇంకా గుర్తుంది అనుకున్నాను.

కఫం ఇవ్వమంటే అతనికి మనసొప్పలేదు.

“కళ్ళె ఎందుకండీ, ఓ సీసా మందిస్తే పోయే దగ్గుకి? టీబీ అని పుకారు పుట్టిందంటే చాలు, షావుకారు పొమ్మంటాడు. రోగిష్టోడి చెయ్యి తగిలిన కాయ ఎవడు కొంటాడంటాడు.”

“లేకపోతే లేదనే తెలుస్తుంది కదా,” అంది డాక్టరమ్మ. “ఇవ్వకుండా మందు రాయను. అంతే.”

కఫం ల్యాబులో ఊయకూడదు. ఆసుపత్రి వెనక కంచె దగ్గర, గాలీ ఎండా తగిలే చోట, గుండె లోతుల్లోంచి దగ్గి డబ్బాలో ఇవ్వాలి. ఆ సమయంలో మేము ఎదురుగా నిలబడం. వాళ్ళ మర్యాద కోసం కొంత, మా ఊపిరితిత్తుల కోసం కొంత. అతను డబ్బా పట్టుకుని వెనక్కి వెళ్ళాడు. వెనకాలే ఆవిడా వెళ్ళింది. కాసేపటికి డబ్బా ఆవిడ చేతిలో వచ్చింది. మర్నాడు పొద్దున లేవగానే తీసిన కఫం ఇంకో డబ్బాలో తేవాలంటే, మొదటి బస్సుకు అదీ ఆవిడే తెచ్చింది. కిటికీ గట్టు మీద పెట్టి, కొంగు తియ్యకుండానే వెళ్ళిపోయింది.

రెండు డబ్బాల్లోనూ ఎర్రటి జీర ఉంది. రక్తం పడుతోందని డాక్టరమ్మకు చెప్పాను. స్లైడు మీద రంగు మందు వేసి చూస్తే టీబీ క్రిములు నీలం మీద సన్నటి ఎర్ర పుల్లల్లా కనిపిస్తాయి. వెతుక్కోవలసిన పనిలేదు, ఎటు జరిపినా ఉన్నాయి.

సంగతి చెప్పగానే ఆ మనిషి షావుకారుకు తెలుస్తుందా అని అడిగాడు. మందులకు లొంగే జబ్బే అని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. షావుకారుకు తెలియనివ్వం అని మాట ఇచ్చాం. రోజు విడిచి రోజు ఊళ్ళో ఆశా కార్యకర్త ఎదుట మాత్రలు మింగాలి. ఇంట్లో మిగతావాళ్ళ సంగతి అడగడం సూపర్‌వైజరు పని. తోట దగ్గర బండి ఆపి, ఇంజను ఆపకుండానే అడిగాడు.

“ఇంట్లో ఇంకెవరికైనా దగ్గుందా?”

“ఉండేది మేమిద్దరమేనండి. దానికేంటండీ, గుండ్రాయిలా ఉంటది.”

ఆ జవాబు చాలనుకుని అతను బండి ముందుకు పోనిచ్చాడు.

రెండు నెలల మందుల తరవాత మళ్ళీ కఫం చూడాలి. పిందెలు కాయలవుతున్న రోజులు. డబ్బా వచ్చింది, ఆవిడే తెచ్చింది. క్రిములు తగ్గలేదు. విచిత్రమేమిటంటే మనిషి మాత్రం తేరుకున్నాడు. దగ్గు తగ్గింది, బుగ్గలు పూడాయి. డాక్టరమ్మ అతని వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, నా స్లైడు వైపు అనుమానంగా చూసింది. నేను ఊరుకోలేదు. ఆ స్లైడును జిల్లా ల్యాబుకు పంపాను. అక్కడివాళ్ళు చూసి, సరిగ్గా ఉంది, క్రిములు ఉన్నమాట నిజమే అన్నారు. ఆ సాయంత్రం తల ఎత్తుకుని ఇంటికి వెళ్ళాను. స్లైడులో తప్పు లేదు. నిజంగానే లేదు.

తప్పు స్లైడులో లేకపోతే ఇక రోగిలోనే ఉండాలి.

“మాత్రలు బుగ్గన పెట్టుకుని బయటికెళ్ళి ఊసేస్తున్నాడండీ, ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూడలేదు!” అన్నాడు సూపర్‌వైజరు.

ఆశా కార్యకర్తకు ఒళ్ళు మండింది. “నా ఎదురుగా మింగాడండీ. నాలిక ఎత్తించి మరీ చూశాను. నన్నంటారేంటి?”

అతను ఆవిడ మాట నమ్మలేదు. తోటకు వెళ్ళి, కోతకొచ్చిన కూలీలందరూ వింటుండగా ఆ మనిషిని కడిగేశాడు. దాంతో షావుకారుకు తెలిసిపోయింది. కోతలయ్యేదాకా పాకలో ఉండు, కాయ మాత్రం ముట్టుకోకు, ఈసారి కూడా రోగం ఉందని వస్తే సామాను సర్దుకో అన్నాడట. మా వైపునుంచీ అలాంటి మాటే. చివరి పరీక్షలోనూ క్రిములు ఉంటే మందులు పనిచేయనట్టు లెక్క. పెద్దాసుపత్రికి పంపాలి, నెలల తరబడి సూదులు పొడవాలి.

ఆ మనిషి నా కిటికీ దగ్గరకు వచ్చి కడ్డీలు పట్టుకున్నాడు. “ఒట్టు దొరగారూ, ఒక్క మాత్ర ఊసెయ్యలేదు. మీరైనా చెప్పండి డాక్టరమ్మగారికి.”

“నేను కంటితో చూసింది చెబుతాను. చూడనిది ఎలా చెబుతానయ్యా?” అన్నాను. ఆ జవాబు నాకు ఎంతో న్యాయంగా తోచింది.

కోతలు ఆఖరుకు వచ్చాయి. లారీలు పల్చబడ్డాయి. తోటల్లో కాయ పరచిన వరిగడ్డి కుళ్ళు వాసన వేస్తోంది. చివరి పరీక్ష రోజున పొద్దున్నే డబ్బా కిటికీ గట్టు మీదకు వచ్చింది. మూత తీశాను. అదే ఎర్ర జీర. ఇంకేముంది, ఇతని పని అయిపోయింది అనుకున్నాను. అప్పుడు బయటినుంచి ఆయా గొంతు వినిపించింది.

“ఏమ్మా, ఇప్పుడే కదే కడిగి చచ్చాను! మెట్టు మీద ఎర్రగా ఊసి పెట్టావు. నీ ఊళ్ళో ఊసుకోవడానికి చోటు లేదా? ఇదిగో చెంబు, నువ్వే కడుగు. నేను కడగను.”

జవాబుగా దగ్గు వచ్చింది. అలాంటి దగ్గును గుర్తుపట్టడానికి నాకు మైక్రోస్కోపు అక్కర్లేదు. డబ్బా చేతిలో ఉండగానే తల ఎత్తి చూశాను.

కాపలా మనిషి భార్య మెట్టు మీద గొంతుక్కూర్చుని, ఒక చేత్తో నీళ్ళు పోస్తూ ఇంకో చేత్తో రుద్దుతోంది. రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి కొంగు జారిపోయింది. అన్నాళ్ళలో నేను ఆవిడ ముఖం చూడటం అదే మొదటిసారి. కళ్ళు లోపలికి పోయాయి. మెడ కింద ఎముకల మధ్య గుంటల్లో నీళ్ళు పోస్తే నిలుస్తాయి. పెదవులు ఆకూ వక్కా నమిలి ఎర్రగా ఉన్నాయి. మెట్టు మీద ఎరుపూ, నా చేతిలో డబ్బాలో ఎరుపూ ఒకటే.

ల్యాబులోంచి లేచి బయటికి వెళ్ళాను. ఆవిడ గబుక్కున నిలబడి కొంగు వెతుక్కుంది.

“ఇది ఎవరిది?” అని డబ్బా చూపించాను.

“ఆయనదేనండి.”

“నీ మొగుడు ఆకూ వక్కా వేసుకుంటాడా?”

“లేదండి. బీడీయేనండి,” అని, అన్నాక ఆగిపోయింది.

నాకంటే ముందు ఆయాకు అర్థమైంది. “ఓసి పిచ్చి మొహమా! నీది పట్టుకొచ్చి ఇచ్చావటే?”

ఆవిడ నాతో మాట్లాడలేదు. ఆయాతో మాట్లాడింది. నేను వింటున్నానని తెలిసే మాట్లాడింది.

“ఆయన ఇవ్వనన్నాడే. రోగం తేలితే తోటలోంచి తరిమేస్తారని. నాకేం రోగం లేదు కదా, నాది ఇస్తే మంచిదనే వస్తది, గొడవ వదుల్తదనుకున్నా. తీరా ఉందన్నారు. మొగుడూ పెళ్ళాలం, ఒక్క కంచంలో తినేవాళ్ళం, ఆయన రోగమే నా కళ్ళెలో కూడా తెలిసిపోయిందనుకున్నా. దొరగారు చూసి చెప్పారు కదా, తప్పెందుకు పోద్ది? మందులు మింగితే ఆయన బాగయ్యాడు కూడా.”

“మరి ఈ దగ్గేంటే?”

“తోటలో పురుగుమందు కొట్టినప్పటినుంచీ ఉంది. మందు ఘాటనుకున్నా.”

“ఏం తింటున్నావే అసలు?”

“ఆయనకి బలం కావాలన్నారు కదా. గుడ్లూ పాలూ ఆయనకే పెడుతున్నా.”

మొగుణ్ణి పిలిపించాం. ఈసారి నేనే కంచె దగ్గరకు వెళ్ళి, గాలికి ఎగువన నిలబడి, ఒకరి తరవాత ఒకరి చేత డబ్బాల్లో ఇప్పించాను. అతని స్లైడులో ఏమీ లేదు. ఎంత వెతికినా లేదు. ఆవిడ స్లైడులో కన్ను పెట్టిన చోటల్లా ఉన్నాయి. డాక్టరమ్మ కూడా వచ్చి చూసింది. ఆ అమ్మాయిది మా ఇంట్లో పిల్లల వయసు. అన్నాళ్ళూ అతని ఛాతీ శుభ్రంగా ఉందని ఆవిడ చెవులు ఆవిడకు చెబుతూనే ఉన్నాయి. నా స్లైడు మీద గౌరవంతో వాటి మాట వినలేదు.

అదే రోజు కాపలా మనిషి భార్యకు మందులు మొదలుపెట్టి, ఆటోలో పెద్దాసుపత్రికి పంపాం. ఆటో వెనకే సూపర్‌వైజరు తన బండి మీద వెళ్ళాడు, ఎవరూ చెప్పకుండానే. తిరిగి వచ్చాక నా ల్యాబు కిటికీ దగ్గర నిలబడ్డాడు. దర్బారూ లేదు, కప్పమూ లేదు.

“నేను ఆ రోజు బండి దిగి ఉంటే...” అన్నాడు.

మందులకు లొంగే జబ్బే అని పూతల కాలంలో మేము చెప్పిన మాట అబద్ధం కాదు. పూతల కాలంలో ఆవిడకు ఇచ్చి ఉంటే లొంగేదే. ఇప్పుడు ఆ శరీరంలో మందును మోసే శక్తి లేదు. వానలు నిలదొక్కుకోకముందే, పునర్వసు కార్తెలో, ఆవిడ పోయింది.

ఆ తరవాత జిల్లా మీటింగులో ఈ కేసు చర్చకు వచ్చింది. శ్రద్ధగా గమనించి పట్టుకున్నారని డాక్టరమ్మ నన్ను చూపించి చెప్పింది. పెద్ద మనసుతోనే చెప్పింది. చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడవలసి వచ్చింది. నిటారుగా నిలబడటం నాకు చిన్నప్పటినుంచీ నేర్పిన విద్య కాబట్టి ఇబ్బంది కాలేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. తోటల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు పెరట్లోకి వస్తే మగవాళ్ళం అటు చూడకూడదు. అది వాళ్ళకు ఇచ్చే మర్యాద అనేవారు తాతగారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన కాలంలో చూసినవాళ్ళు చేసిన పనులు తెలిస్తే, చూడకపోవడం ఎంత పెద్ద మర్యాదో మీకూ అర్థమవుతుంది. కాని ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది దగ్గు ఆపుకోవడానికి. నేను దాన్ని మా ఇంటికి పెట్టిన దణ్ణం కింద జమ కట్టుకున్నాను. ఎర్రటిది రక్తం అనుకున్నది చదువు వల్ల. కొంగు మర్యాద అనుకున్నది వంశం వల్ల. సూపర్‌వైజరుకు అలవాటు, డాక్టరమ్మకు మొహమాటం. ఎవరమూ పని ఎగ్గొట్టలేదు. అందరం చేయవలసినవన్నీ చేశాం. రోగి పేరు డబ్బా మీద ఉంది, మేమందరం డబ్బానే చూస్తున్నాం. డబ్బా తెచ్చిన మనిషి ప్రతిసారీ కాస్త సన్నబడి మా ఎదుటికి వస్తూనే ఉంది.

ఇప్పుడు ల్యాబుల్లో చేరే పిల్లలకు చెప్పవలసింది ఇంతే. రోజూ వచ్చే మనిషిని చూడటం చాలా కష్టం. కొత్తవాణ్ణి ఎవరైనా చూస్తారు.

వానలు పడి తోటల్లో చెట్ల పాదులు తవ్వే రోజుల్లో ఒకనాడు ఆ కాపలా మనిషి వచ్చాడు. కోతలయ్యాక షావుకారు లెక్క తేల్చి పంపేశాడట. చింతలపూడి వైపు ఎక్కడో కూలికి వెళుతున్నానన్నాడు. కిటికీ దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

“దొరగారూ, ఒక మాట అడగొచ్చాండీ?”

“అడుగు.”

“మొదట్లో నాకూ ఉందాండీ ఆ రోగం?”

“మొదట్లో నీది ఇవ్వలేదు కదయ్యా. నీది నేను చూసేసరికి నువ్వు నెలల తరబడి మందులు మింగి ఉన్నావు. ఇప్పుడు లేదని చెప్పగలను. అప్పటిది...”

“డాక్టరమ్మగారూ అదే అన్నారండి, చెప్పలేం అని. సూపర్‌వైజరు గారు లేదన్నారు. ఉత్త బీడీ దగ్గేనన్నారు.” అతను తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. “అలాగైతే దాని మందులు నేను మింగేసినట్టేగా అండీ? ఊరికే. ఏ రోగమూ లేకుండా.”

అతను కిటికీ కడ్డీలు పట్టుకున్నాడు.

“మీరు చూస్తే తప్పు పోదండి. మీ నోటితో చెప్పండి. ఉందా?”

రోగం పేరు అంటుకుంటుందని డబ్బాలో ఊయడానికి కూడా భయపడ్డ మనిషి అతను. ఇప్పుడు ఆ రోగమే తనకు ఇమ్మని కిటికీ కడ్డీలు పట్టుకుని అడుగుతున్నాడు. చూడటానికి నా దగ్గర స్లైడు లేదు. అతని ముఖం ఉంది. దాన్ని చూశాను.

“ఉంది,” అన్నాను. “గట్టిగానే ఉంది. మందులు పడకపోతే బతికేవాడివి కాదు.”

అతను చాలాసేపు తల ఊపుతూనే ఉన్నాడు.

“మరైతే బీడీ దగ్గు కాదన్నమాట,” అన్నాడు.

కాదన్నాను.